రేపు రమ్మనే ముందు

రా అబ్బీ, ఆ మంచం మంట పక్కకు లాక్కో. పొద్దు గూకినాక బ్రహ్మంసాగరం మీద నుంచి వచ్చే గాలి ఎముకలు కొరుకుతుంది. మా చిన్నప్పుడు ఇంత చలి లేదు, ఆ సాగరమూ లేదు. ఉన్నిందల్లా మెట్ట చేలు, కంపచెట్లు, బ్రహ్మంగారి మఠం గంట. ఆ ఫోను జేబులో పెట్టుకో. పెద్దోళ్ళ మాట కాసేపు వింటే దాని చార్జింగేమీ తగ్గిపోదులే.

నీకు ఉద్యోగం వచ్చిన సంగతి నువ్వు చెప్పకముందే నాకు తెలిసింది. మీ అమ్మ మఠంలో టెంకాయ కొట్టించి, చిప్పలు పంచుకుంటా బస్టాండు దాకా పోయిందంట. పోవాల్సిందే, తల్లి మనసు గదా. జూనియర్ అసిస్టెంటంటే మా కాలంలో ఎల్డీసీ. ఆర్డరు రిజిస్టరు పోస్టులో వచ్చేది. పోస్టుమాను దాన్ని మన చేతికి ఇచ్చేలోగా దారి పొడుగునా చెప్పుకుంటా వచ్చేవాడు. మనం సంతకం పెట్టే పొద్దుకు వీధి వీధంతా వాకిట్లో ఉండేది. ఆయన చేతిలో రూపాయో రెండో పెట్టి, ఇంత బెల్లం ముక్క ఇచ్చి పంపడం మర్యాద. ఆ సాయంత్రమే 15 పైసల కార్డులు కొని బంధువులందరికీ రాసేవాళ్ళం. క్షేమ సమాచారాలు ఎన్ని రాసినా, వాళ్ళ కండ్లు పోయేది 'పర్మనెంటు' అన్న మాట మీదకే. వారం తిరక్కుండా పిల్లనిచ్చేవాళ్ళు దిగేవాళ్ళు. పిల్లోడు నల్లనా తెల్లనా, పొట్టా పొడుగా అని అడిగినోళ్ళు లేరు. ఇప్పుడు ఫోనులో స్టేటసు పెడితే చాలంట. పద్ధతి మారింది గానీ ఆత్రం మారలేదు.

చేరేదానికి పోయే రోజు ట్రంకుపెట్టె, చుట్టిన పరుపు, బియ్యం సంచి, ఊరగాయ జాడీ అన్నీ ఎర్రబస్సు టాపు మీదకెక్కేవి. మైదుకూరు నాలుగు రోడ్ల కాడ దిగి, ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిని, ప్రొద్దుటూరు బస్సు పట్టుకోవాల. అందరూ ఒకటే చెప్పి పంపేవాళ్ళు: "పెద్ద సార్ల దగ్గర వినయంగా ఉండు నాయనా." మంచి మాటే. చిన్నోళ్ళ దగ్గర ఎట్లుండాలో మాత్రం ఎవరూ చెప్పి పంపేవాళ్ళు కాదు. ఆ చెప్పనిది చెప్పేదానికే నిన్ను కూర్చోబెట్టినా.

ఇంకో కారణం కూడా ఉంది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలుపెట్టినప్పుడు రాష్ట్రంలో లక్షకు పైగా పిల్లోళ్ళు ఒక్కసారే ఉద్యోగాల్లో చేరినారు. రెండేండ్లు ప్రొబేషను, నెలకు 15,000 రూపాయలు. ఆఫీసు కొత్తది, కుర్చీలు కొత్తవి, కూర్చున్న వాళ్ళంతా కొత్తోళ్ళే. పాత గుమాస్తా ఒక్కడూ లేడు. ఈ చుట్టుపక్కల పల్లెల్లో చేరిన పిల్లోళ్ళు సాయంత్రాలు నా దగ్గరికి వచ్చి, "తాతా, ఈ కాగితం ఏం చేయాల? వచ్చినోళ్ళకు ఏం చెప్పాల?" అని అడిగేవాళ్ళు. కంప్యూటరు వాళ్ళకు నాకంటే బాగా తెలుసు. తెలియనిది మనిషితో పని. అది ఏ పరీక్షలోనూ అడగలేదు మరి.

మన ఊళ్ళో కూర్చుని కొలువు మాట ఎత్తితే వీరబ్రహ్మం గారిని తలుచుకోకుండా ఎట్ల? ఈ కందిమల్లాయపల్లెకు రాకముందు బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట్లో పశువులు కాసే పనికి చేరినాడని పెద్దలు చెప్తారు. ఆవుల్ని రవ్వలకొండకు తోలుకపోయి, వాటి చుట్టూ గిరి గీసి, తాను గుహలో కూర్చుని తాటాకుల మీద కాలజ్ఞానం రాసేవాడంట. ఆవులు ఆ గీత దాటేవి కావంట. కథ విన్నోళ్ళకందరికీ కాలజ్ఞానమే గుర్తుంటుంది. మా అవ్వకు మాత్రం ఆవులు గుర్తుండేవి. "జరగబోయేదంతా రాసేటంత చదువున్నోడు గదా, అయినా ఒక్క ఆవునూ పోగొట్టకుండా పొద్దు గూకేలోగా దొడ్డికి తోలినాడు చూడు" అనేది. వైశాఖ శుద్ధ దశమికి ఆరాధన జరిగినప్పుడల్లా ఆమె నోట ఆ మాట వచ్చేది. నువ్వు బీటెక్ చదివినావు. రేపు ఇన్‌వర్డు రిజిస్టరు చేతికిస్తే, నా చదువుకు ఇదేంటని మూతి ముడుచుకోవద్దు.

ఆ రిజిస్టరు సంగతి చెప్తా విను. మా తాలూకా ఆఫీసులో నాకు మొదట అప్పగించింది అదే. పొద్దున 10.30కి ఆఫీసు. పది నిమిషాలు చూసేవాళ్ళు. ఆ తర్వాత హాజరు పట్టీలో ఎర్ర సిరా పడేది. మూడు ఎర్ర గుర్తులు పడితే ఒక క్యాజువల్ లీవు హుళక్కి. తపాలు సంచి రాగానే ప్రతి కాగితం మీద ముద్ర, తేదీ, నంబరు వేయాల. ఎవరి దగ్గరి నుంచి వచ్చింది, ఏం విషయం, ఏ సెక్షనుకు పోవాల అన్నది ఒక్క వరసలో ఇమిడేటట్టు రాయాల. దీన్నంతా టాటెన్‌హామ్ పద్ధతి అంటారు. మద్రాసు రాజ్యంలోని ఒక ఐసీయస్ దొర పేరది. పని ముగిసిన ఫైలుకు ఆర్.డిస్ అని వేస్తే శాశ్వతంగా దాచాల, డి.డిస్ అని వేస్తే పదేండ్లకు తీసేయొచ్చు. ఆ ఒక్క అక్షరం తప్పు పడితే ఎవరిదో పొలం కాగితం చెదల పాలు.

కాగితాలు కుట్టడం మా అటెండరు నేర్పించినాడు. పది కాగితాలూ ఎడమ పక్క సమంగా తట్టి, మూలలో దబ్బనంతో ఒకే పోటు పొడిచి, ట్యాగు దూర్చి, ముడి వెనక్కి వచ్చేటట్టు కట్టాల. ముడి ముందుకుంటే పేజీ తిప్పినప్పుడు చినుగుతుంది. గుండుసూదులు అయిపోతే ఇండెంటు పెట్టి నెలలకు నెలలు చూస్తా కూర్చునేవాళ్ళం కాదు, బయట తుమ్మచెట్టు ముళ్ళు కోసుకొచ్చి గుచ్చేవాళ్ళం. తుప్పు పట్టదు, కాగితం మీద మరక పడదు. ఆయన చదివింది ఐదో తరగతి. తాసిల్దారు అడిగిన ఫైలు మాత్రం చీకట్లో కూడా తెచ్చి పెట్టేవాడు. కొత్తగా చేరినోళ్ళు అటెండరును 'ఏయ్' అని పిలవడం చూసినాను. ఆ పిలిచినోళ్ళకు ఫైలు ఎప్పటికీ దొరికేది కాదు. నువ్వు 'అన్నా' అను. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు, ఆఫీసు ఎంత?

ఇంక అసలు ముచ్చటకు వస్తా.

చేరిన కొత్తల్లో, ఎండాకాలం, మధ్యాన్నం పూట, ఒక అవ్వ నా బల్ల దగ్గరకు వచ్చింది. మొగుడు పోయినాడు, పట్టా పేరు మార్పు కోసం అర్జీ పెట్టుకుంది. ఆ ఫైలు చూసే పెద్ద గుమాస్తా క్యాంపుకు పోయినాడు. నా పక్కన కూర్చున్నాయన తల ఎత్తకుండానే, "రేపు రా అవ్వా" అన్నాడు. ఆమె మారు మాట్లాడకుండా తిరుక్కునింది. వెనక నుంచి శిరస్తదారు గారు పిలిచినారు. ఆయనది పెద్ద గొంతేమీ కాదు. "అమ్మా, నీ ఊరు ఏది? ఎట్ల వచ్చినావు?" అన్నారు.

అవ్వ కొంగు ముడి విప్పింది. ముడి లోపల ఇంకో ముడి. అందులో చిల్లర. పావలాలు ఒక పక్క, పది పైసలు ఒక పక్క బల్ల మీదనే పేర్చి చూపించింది. పల్లె నుంచి మెయిన్ రోడ్డు దాకా నడక. అక్కణ్ణుంచి బస్సుకు రూపాయి చిల్లర, మళ్ళా పోయేదానికి అంతే. దారిలో తినేదానికి సంగటి ముద్ద, ఊరిబిండి గుడ్డలో కట్టుకొచ్చుకునింది, హోటలుకు పోతే దోసెకు డబ్బులైతాయని. "చెనిక్కాయ కలుపుకు పోయింటే మూడు రూపాయలు కూలొచ్చేది సామీ, ఈ పొద్దు దానికీ పోలే" అనింది. గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. లెక్క అడిగినారు, లెక్క చెప్పింది.

శిరస్తదారు గారు మా ఇద్దరినీ దగ్గరికి పిలిచి, ఆమె ముందర కాకుండా, ఆమె పోయినాక చెప్పినారు: "మీరు 'రేపు రా' అన్నారే, దాని ఖరీదు ఐదారు రూపాయలు. ఆ డబ్బు మీ జేబులో నుంచి ఇచ్చేటట్టయితే అంటారా?" ఆ రోజుల్లో కాఫీ ముప్పై పైసలు. ఐదారు రూపాయలంటే ఆ అవ్వ ఇంట్లో రెండు దినాల కూడు. అంతకుముందే ఆయన తానే పోయి ఫైలు వెతికి, ఏం తక్కువుందో చూసి, ఒక చీటీ మీద తేదీ రాసి ఆమె చేతికిచ్చినారు. "ఈ తేదీకి రా. అంతకుముందు రావద్దు. ఆ రోజు నేను లేకున్నా ఈ చీటీ చూపించు" అన్నారు. ఆ తేదీకి ఆమె పని అయింది. ఆయన పెద్ద మాటలు చెప్పిన మనిషి కాదు, ఒక్కసారి చెప్పినారు, అంతే.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడని మన పల్లెల్లో సామెత. గవర్నమెంటు ఎన్ని జీవోలైనా ఇయ్యనీ, అవి మనిషి చేతికందేది గుమాస్తా బల్ల దాటినప్పుడే. కొన్నేండ్ల కిందట పల్లెల్లో దయ్యం తిరుగుతాందని పుకారు లేచి, జనం తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్నారు. మీ అమ్మను అడుగు, చెప్తుంది. దయ్యానికి చెప్పిన జవాబునే మనం ఎండలో నడిచొచ్చిన అవ్వకు చెప్తే ఎట్ల అబ్బీ?

పని ఈ పొద్దు కాకపోవచ్చు. చాలాసార్లు కాదు కూడా. రిపోర్టు రావాల, సర్వేయరు పోవాల, పై సంతకం కావాల. అదంతా వాళ్ళకు అర్థమైతుంది, చెప్తేనే. మా ఆఫీసుకొచ్చిన కాగితాన్ని 'కరెంటు' అంటాం. ఒక రైతుతో మా గుమాస్తా "నీ కరెంటు పెండింగులో ఉంది" అంటే, "మా పల్లెకు ఇంకా స్తంభాలే పాతలేదు సామీ" అన్నాడు పాపం. నవ్వినాం గానీ, తర్వాత ఎవరూ ఆయనకు విడమరిచి చెప్పలేదు. అదీ బాధ.

వాళ్ళ మాటలో చెప్పడం ఎట్లనో నేర్చుకున్న ఒక పిల్లోడి కథ మన కడపలోనే ఉంది. సీపీ బ్రౌను పేరు విన్నావు గదా. ఆయనా మొదటి ఉద్యోగానికి మన జిల్లాకే వచ్చినాడు. 1798లో కలకత్తాలో పుట్టి, 1817లో మద్రాసు చేరి, కంపెనీ కాలేజీలో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు అక్షరాలు దిద్ది, 1820 ఆగస్టులో కడపలో అసిస్టెంటుగా దిగినాడు. అప్పటికి 22 ఏండ్లు నిండలేదు, నీ ఈడే. పైన కలెక్టరు హాన్‌బరీ. ఆయన జనంతో తెలుగులోనే గడగడా మాట్లాడుతుంటే ఈ కుర్ర దొరకు ఆశ్చర్యమేసింది. పరీక్షలో పాసైన తెలుగు వేరు, కచేరీ మెట్ల మీద రైతు మాట్లాడే తెలుగు వేరని తెలిసొచ్చింది. నేర్చుకున్నాడు. ఎంత నేర్చుకున్నాడంటే, తర్వాత ఎర్రముక్కపల్లెలో బంగళా కొని, తన జీతంతో పండితులను పెట్టుకుని పుస్తకాలకు శుద్ధప్రతులు రాయించినాడు. 1829లో వేమన పద్యాలు అచ్చేసినాడు, 1852లో నిఘంటువు తెచ్చినాడు. ఆ బంగళా ఉన్న జాగాలోనే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం నిలబడింది, దానికోసం జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పడిన పాటు కడప వాళ్ళకు తెలుసు. సెలవు రోజున పోయి చూడు.

బ్రౌను గురించి ఇంకొకటి చెప్పాల. 1832-33లో నందన కరువు వచ్చినప్పుడు ఆయన కృష్ణా, గుంటూరు సీమలో ఉన్నాడు. పై అధికారులు దాన్ని ఏదో కొంచెం ఎద్దడి అని మెత్తగా రాస్తుంటే, ఈయన కరువును కరువనే రాసినాడు. ఉన్న మాటంటే ఉలుకెక్కువ. నీకూ ఆ పరీక్ష వస్తుంది. ఎండిన చేనును పచ్చగా ఉందని రాయమంటారు, కూలిన ఇంటిని బీటలు వారిందని రాయమంటారు. నువ్వు చూసింది రాయి. చూడనిది చూసినట్టు రాయద్దు.

బ్రౌనుకు ముందు మన సీమకు వచ్చిన దొర మన్రో. దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరు. డేరాలు వేసుకుని ఊరూరా తిరిగి రైతులతో శిస్తు మాట్లాడినాడు. మన పులివెందుల దిక్కు, వేంపల్లె దగ్గర గండి ఆంజనేయస్వామి ఉన్నాడు చూడు, పాపఘ్ని రెండు కొండల నడుమ దూరి వచ్చే చోటు. అక్కడ కొండకూ కొండకూ మధ్య కట్టిన బంగారు తోరణం మన్రో కంట పడిందంట. అది కనబడినోళ్ళు పుణ్యాత్ములంట, గానీ ఎక్కువ కాలం బతకరంట. మన్రో 1827 జూలై 6న పత్తికొండ దగ్గర కలరాతో పోయినాడు. తోరణం సంగతి నేను చెప్పలేను గానీ, ఒక దొరకు అది కనిపించిందని మన పల్లెల జనం చెప్పుకున్నారంటే, ఆయన మీద వాళ్ళకెంత ప్రేమో చూడు. శిస్తు వసూలు చేసినోడికి అంత పేరు దొరకడం మాటలు కాదు. గండి తీరు చెప్పబోతే తెల్లవారుతుంది. పొయ్యిలో ఇంకో కట్టె తొయ్యి, మన ఆఫీసుకు పోదాం.

ఆఫీసులో పెద్ద తుపాను 1983 నుంచి మూడేండ్లు కొట్టింది. ఆ ఏడు ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కు తగ్గించింది. నిన్నటి దాకా ఫైళ్ళన్నీ నోటికి చెప్పిన పెద్దోళ్ళు ఒక్కసారే లేచిపోయినారు. 1984 జనవరిలో కరణాలు, మునసబులు రద్దు. 1985 మే 25న తాలూకాలు పోయి మండలాలు వచ్చినాయి. మన మఠానికి మండలాఫీసు అట్ల వచ్చిందే. జనానికి మంచే అయింది. తాలూకాకు పొద్దంతా ప్రయాణం చేసేవాళ్ళకు ఇంటి దగ్గరికే ఆఫీసు వచ్చె. లోపల కూర్చున్న మా పాట్లు వేరే. కరణాల దగ్గరి నుంచి వచ్చిన అడంగల్లు, పది ఒకటి లెక్కలు గొలుసుకట్టు రాతలో ఉండేవి. కలం ఎత్తకుండా అక్షరాన్ని అక్షరానికి తగిలిస్తా పోయే రాత అది. కొత్త పిల్లోళ్ళకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. రద్దయిన కరణం ఇంటికే పోయి, అరుగు మీద కూర్చుని, "అయ్యా, ఇది ఎంత? ఇది ఎవరి పేరు?" అని అడిగి రాసుకున్నోళ్ళు బాగుపడినారు. ఉద్యోగం పోయిన బాధలో ఉన్నా, మర్యాదగా అడిగితే ఏ కరణమూ కాదనలేదు. మజ్జిగ ఇచ్చి మరీ చెప్పినారు. అడగడం నామోషీ అనుకున్నోళ్ళు ఊహించి రాసినారు. ఆ ఊహల మీద అన్నదమ్ములు కోర్టులకెక్కినారు. తెలియనిది అడుగు అబ్బీ. మొదటి ఏడాది ఎన్ని అడిగినా ఎవరూ ఏమనుకోరు. పదేండ్లయినాక అడిగితే నవ్వుతారు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని సామెత. మొదటి నెలలో అందరి పనీ నీ నెత్తిన వేసుకుంటావు, నాకు తెలుసు, నీ మొహం చూస్తేనే కనబడుతుంది. చెయ్యి, తప్పులేదు. గానీ నీ పేరుతో ఉన్న ఫైళ్ళు ముందు చూసుకో. పక్కోడి పని చేసి పెట్టి మెప్పు పొందినోళ్ళు, సొంత పెండింగుకు మెమోలు తీసుకోవడం చానా చూసినా.

డబ్బు సంగతి. మా జీతాలు ఒకటో తారీకున చేతికే ఇచ్చేవాళ్ళు. రెవెన్యూ స్టాంపు నాలుకతో తడిపి అంటించి, అడ్డంగా సంతకం పెట్టి, నోట్లు రెండుసార్లు లెక్కబెట్టుకోవాల. మొదటి జీతం అమ్మ చేతిలో పెట్టడం, మఠానికి పోవడం, హెచ్‌ఎంటీ గడియారం కొనుక్కోవడం, ఇదీ వరస. గడియారం కట్టినోడు టైము అడిగినా అడక్కున్నా చెప్పేవాడు. పండగొస్తే ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళకు పోవాల. ఆ ఊరిని రెండో బొంబాయి అనేవాళ్ళు. జీతం కాగితం చూపిస్తే చాలు, "సారుకు అప్పేంటి, పుస్తకంలో రాస్తాంలే" అని సాగనంపేవాళ్ళు. గవర్నమెంటు ఉద్యోగికి అప్పు దొరకడమంత సులువు ఇంకోటి లేదు, అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే. ఇప్పుడైతే ఫోనులోనే ఇస్తామంటారంట. అప్పు చేసి పప్పు కూడు తినొద్దని చెప్తే ఏ కుర్రోడూ వినడు, అందుకే అది వదిలేస్తా. ఒక్కటి మాత్రం పట్టుబట్టి చెప్తా. జామీను సంతకం పెట్టొద్దు. నువ్వు చేరిన మూడో నెలకే ఎవరో ఒకాయన కాఫీ తాగిస్తా, "బ్యాంకు లోను, ఊరికే ఫార్మాలిటీ" అంటాడు. ఆ సంతకం ఉడుం పట్టు. ఆయన కట్టకపోతే నీ జీతంలో కోస్తారు, నువ్వు పెండ్లాం పిల్లలతో ఉన్నప్పుడు కోస్తారు. చీటీ పాటలు కూడా ముందే ఎగబడి వేయొద్దు.

ఇంకోటి ఉంది, చెప్పేదానికి నోరు రాదు, అయినా చెప్పాల. పై డబ్బు అడుగుతా రాదు, ప్రేమగా వస్తుంది. "కాపీ తాగు సారూ" అని వస్తుంది. తర్వాత పులివెందుల చీనీకాయలు ఒక సంచి, మామిడికాయలు ఒక గంప ఇంటికొస్తాయి. మీ ఇంట్లోవాళ్ళు మురిసిపోతారు. ఆ తర్వాత కవరు. కవరు వద్దనేదానికి చానా ధైర్యం కావాల. చీనీకాయలు వద్దనేదానికి అంత అక్కర్లేదు. కాబట్టి అక్కడే ఆపెయ్యి. ఏసీబీ వాళ్ళు నోట్లకు పొడి పూసిచ్చి, పట్టుకున్నాక చేతులు సోడా నీళ్ళలో ముంచితే నీళ్ళు గులాబీ రంగుకు తిరుగుతాయి. అది భయం కోసం చెప్పినా. భయం కంటే పెద్దది ఇంకోటి ఉంది. చెనిక్కాయ కూలి మానుకుని వచ్చిన మనిషి ఇచ్చే నూరు రూపాయలు ఎట్ల వచ్చినాయో మనకు తెలుసు. ఎద్దు పుండు కాకికి ముద్దా?

నీ సొంత కాగితాల సంగతి కూడా మరచిపోవద్దు. చేరిన నెలలోనే సర్వీసు రిజిస్టరు తెరిపించుకో. మొదటి పేజీలో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు అన్నీ నువ్వే ఒక్కొక్కటి వేలు పెట్టి చదువు. పుట్టిన తేదీ తప్పు పడితే తర్వాత మార్చేది లేదు. పేరులో ఒక అక్షరం తేడా వస్తే పింఛను కాలంలో ముసలితనాన అఫిడవిట్ల కోసం తిరగాల. డిపార్టుమెంటు పరీక్షలు పెండ్లి కాకముందే రాసి పడెయ్యి. మా వాళ్ళు చానామంది, పిల్లోడి ఏడుపు ఒక చెవిలో, రెవెన్యూ టెస్టు పుస్తకం ఒడిలో పెట్టుకుని ఏండ్ల తరబడి రాసినారు. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినోళ్ళకు మా మాదిరి పింఛను లేదు. సీపీఎస్సు అనే కొత్త పింఛను పథకం కింద జీతంలో, కరువు భత్యంలో నూటికి పది పట్టుకుంటారు. అది జమ అవుతుందో లేదో ఏడాదికొకసారి చూసుకో. ఊరి వాళ్ళ కాగితాలన్నీ సరిచేసి, తన కాగితం చూసుకోని గుమాస్తాలను ఎందరినో ఎరుగుదును.

ఆవలిస్తున్నావు. చలికో, నా మాటకో. ఇంకొక్క మాట, పోదువు.

మా తాలూకా ఆఫీసు ముందర వేపచెట్టు ఉన్నింది. అర్జీలోళ్ళంతా దాని కింద కూర్చునేవాళ్ళు, పక్కన నీళ్ళ తొట్టి. ఇప్పటి ఆఫీసులకు గ్రానైటు నేల, ఏసీ గదులు ఉండాయి. వచ్చినోళ్ళు మాత్రం గోడకు ఆనుకుని నిలబడుకునే ఉంటారు. సోమవారం అర్జీల రోజు పోయి చూస్తే, కర్ర పట్టుకున్న ముసలోళ్ళు కూడా వరసలో నిలబడి ఉంటారు. నువ్వు చేరినాక మొదటి జీతంలో గడియారం కొనకున్నా ఫరవాలేదు. మీ కొత్త పిల్లోళ్ళంతా తలా ఇంత వేసుకుని, ప్రొద్దుటూరులో రెండు పొడుగు బల్లలు చేయించి, మీ ఆఫీసు వరండాలో వేయించండి. పక్కన ఒక నీళ్ళ కుండ పెట్టండి. దానికి ఏ జీవో అక్కర్లేదు, ఏ సారూ కాదనడు.